అత్తగారి ఎడమ చెంప

ఆ ఇంట్లో ముందుగది కోసం జరిగిన యుద్ధం సంగతి చెప్పాలంటే ముందు సామాన్ల గది సంగతి చెప్పాలి. వంటింటి పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలూ చిల్లుపడ్డ బకెట్లూ పడేసుకున్న గది అది. కోడలు అందులో కుట్టుమిషన్ వేసుకుంది. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. కుర్చీలోంచి లేవాలంటే తలుపు తెరవాలి, తలుపు తెరవాలంటే కుర్చీలోంచి లేవాలి. ఈ చిక్కు తెమలక ఆవిడ చాలాసార్లు మధ్యాహ్నం దాకా లోపలే ఉండిపోయేది. ఒకందుకు అదీ మంచిదే, పని సాగేది.

ఏం పని అంటారా? బొంతలు కుట్టడం. బొంతలు కుట్టేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, అందులో ఏముంది అనుకోకండి. ఈవిడ ఫోటో ఇస్తే ఫోటోని, బొమ్మ ఇస్తే బొమ్మని గుడ్డముక్కలతో అతికి బొంతగా దించేస్తుంది. వెనక వీధి టీచరమ్మ, పోయిన తన కుక్క ఫోటో తెచ్చిచ్చి ఆ కుక్కని కప్పుకుని పడుకుంటోంది ఇప్పుడు. బేకరీ ఆయన తన కూతురు నాలుగేళ్లప్పుడు వేసిన ఆవు బొమ్మ తెచ్చాడు. ఆవుకి అయిదు కాళ్లున్నాయి. "ఈ అయిదోది తోక అయ్యుంటుందండీ, వెనక్కి జరపనా?" అని కోడలు మర్యాదగానే అడిగింది. ఆయన ఒంటికాలి మీద లేచాడు. "మా అమ్మాయి అయిదు వేస్తే అయిదే. మీరెవరండీ తియ్యడానికి?" అన్నాడు. అయిదు కాళ్లతోనే కుట్టిచ్చింది. ఎవరి కంటికి ఎలా ఉంటే అలాగే కుట్టాలి గానీ మన తెలివి చూపించకూడదని ఆ రోజే చెంపలేసుకుంది.

ఇంతా చేసి ఆవిడ మనసులో ఒక దిగులుండేది. ఇలాంటి బొంత దగ్గర్నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇటో ముక్క, అటో ముక్క, అంతే. పది అడుగులు వెనక్కి వెళ్లి కళ్లు కాస్త చికిలించి చూస్తే అప్పుడు అందులోంచి మొహం లేచి వస్తుంది. ఆవిడ గదిలో రెండడుగులు వెనక్కి వేస్తే ఇస్త్రీపెట్టె మీద కూర్చోవాలి. ఇరవై మూడు బొంతలు కుట్టింది మహాతల్లి, ఒక్కటంటే ఒక్కటి నిండుగా చూడలేదు. మడతపెట్టి ఇచ్చేసేది. వాళ్లు ఇంటికెళ్లి గోడకి తగిలించుకుని, "అబ్బ, అచ్చం మా నాన్నేనండీ!" అని ఫోన్లో ఏడిస్తే ఈవిడ ఇటు "అవునా, అలా ఉందా?" అని ఏడ్చేది. తను కుట్టింది తను చూసుకోలేకపోవడం ఎంత కడుపుకోతో కుట్టేవాళ్లకే తెలుస్తుంది.

అదే ఇంట్లో ముందుగది ఉంది. పద్దెనిమిది అడుగుల పొడుగు, ఒకవైపు పెద్ద కిటికీ, ఎదురుగా బోసి గోడ. మధ్యాహ్నం దాకా వెలుతురే వెలుతురు. అందులో ఒక్క వాలుకుర్చీ, ఆ కుర్చీలో అత్తగారు. అంతే, ఇంకో వస్తువుకి ప్రవేశం లేదు.

అత్తగారంటే ఆషామాషీ మనిషి కాదు. ముప్పై నాలుగేళ్లు రైల్వేస్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు ప్రకటించింది. రిటైరై ఇరవై ఏళ్లు దాటినా ఆ మైకు ఇంట్లోనే ఎక్కడో ఉన్నట్టుంటుంది. గొంతు పెంచదు, పెంచాల్సిన అవసరమూ లేదు. ముందుగదిలో కూర్చుని, "గమనించండి, ఒంటిగంట భోజనం ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది" అంటే వంటింట్లో కోడలి చేతిలో గరిటె జారుతుంది. ఇంకో గొప్పగుణం, ఒకసారి ప్రకటించింది మార్చదు.

ఆవిడకి ఫోటోలంటే పరమ అసహ్యం. పెళ్లి ఫోటో మొదలుకుని రిటైర్మెంటు ఫోటో దాకా అన్నిటికీ ఒకటే మాట: "ఇది నేను కాదు." వీధి చివర స్టూడియో ఆయన నాలుగుసార్లు తీసి నాలుగుసార్లూ చీవాట్లు తిన్నాడు. "ఎవర్ని తీశావయ్యా? మా పినతల్లి కూతురిలా ఉంది. మూతి ఆ వంకరేంటి?" అని అడిగింది. ఆ పెద్దమనిషి ఊరుకోక, "కెమెరా అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు. ఆ ముక్కతో పదేళ్లు ఆయన కొట్టు వైపు కన్నెత్తి చూడలేదు. ఇంట్లో ఉన్న ఫోటోల్లో తన వరకు కత్తిరించి పారేసింది. ఇప్పటికీ ఆల్బం తిరగేస్తే అందరి పక్కనా ఒక మనిషి పట్టేంత కంత ఉంటుంది.

సరే, ఒక ఆదివారం పొద్దున్న కోడలు గుండె దిటవు చేసుకుని ముందుగది మాట మూడోసారి ఎత్తింది. భర్త పేపరు చదువుతున్నాడు. కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆడపడుచు కూడా ఆ రోజు వచ్చి ఉంది.

"అత్తయ్యా, మీ కుర్చీ కిటికీ దగ్గర అలాగే ఉంటుంది. నేను ఆ గోడవారగా మిషనొకటీ బల్లొకటీ వేసుకుంటాను, అంతే."

"ఇల్లంతా పీలికలు చేస్తావు."

"పీలికలు కాదమ్మా, బొంతలు" అన్నాడు కొడుకు, పేపరు చాటునుంచి.

"ఒరేయ్, నువ్వు పేపరు చదువుకో."

చదువుకున్నాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఆయన ఎప్పుడూ పేపరే చదువుకుంటాడు.

ఆడపడుచుకి ఇలాంటివి భలే సరదా. "అమ్మా, వదిన అందరి మొహాలూ కుడుతోంది. నీ మొహం కుట్టమని చూడు. కుదిరితే గది ఇచ్చెయ్" అంది.

అత్తగారు నవ్వింది. "కెమెరాలకే చిక్కని మొహం నా మొహం. ఈ అతుకులకి చిక్కుతుందా?" అని గొంతు సవరించుకుంది. సవరించుకుందంటే ప్రకటన వస్తోందన్నమాట. "గమనించండి. మరో మూడు నెలల్లో, పదిహేడో తేదీన నాకు ఎనభై నిండుతాయి. ఆ రోజుకి బొంత తయారవ్వాలి. అందులో నాకు నేను కనిపిస్తే ముందుగది కోడలిది. కనిపించకపోతే మిషన్ అటకెక్కుతుంది. ఎక్కినది మళ్లీ దిగదు."

"అమ్మా, అది మరీ..." అన్నాడు కొడుకు.

"పేపరు."

కోడలికి ఆ రోజు అన్నం సహించలేదు. గది పోతే పోయింది, మిషన్ పోతే తనేం చెయ్యాలి? పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ మిషనొక్కటే. వద్దంటే సరిపోయేది. కానీ నోరు జారి "సరే అత్తయ్యా" అనేసింది. అన్నాక ఇంకేముంది, పీకల మీదకు తెచ్చుకున్నట్టే.

ఫోటో ఆడపడుచే సంపాదించింది. పేపరువాడు ఆలస్యంగా వచ్చినందుకు అత్తగారు కిటికీలోంచి వాణ్ణి కడిగేస్తుంటే, వీధిలో నిలబడి గప్‌చుప్‌గా ఫోన్లో తీసేసింది. అబ్బో, ఏం ఫోటో! ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ముక్కు రవ్వంత ఎడమకి వాలి, కుడి కనుబొమ్మ ఆకాశానికి లేచి, ఎడమ చెవి పక్క నుంచి చెంప మీదికి జారిన తెల్లటి పాయ. చూస్తే చాలు, మనం ఏ తప్పూ చెయ్యకపోయినా క్షమాపణ చెప్పాలనిపిస్తుంది.

బొమ్మ గీసే పని ఎప్పుడూ భర్తదే. ఆయన సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తాడు. ఫోటో మీద గళ్లు వేసుకుని, నీడలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూసి, మొహాన్ని గీతలు గీతలుగా, మడులు మడులుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ నంబరేస్తాడు. తల్లి మొహమైనా సరే ఆయనకి పొలమే. "అమ్మ నుదురు చదునుగానే ఉంది గానీ, గెడ్డం దగ్గర సరిహద్దు తగాదా వచ్చేలా ఉంది" అన్నాడు. మొత్తం పదకొండు వందల నలభై ముక్కలు తేలాయి. ఆ గీతల్లో మొహం ఎక్కడుందో గీసినవాడికి తప్ప ఎవరికీ తెలీదు, మాట్లాడితే గీసినవాడికీ తెలీదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. కాస్త ఓపిక పట్టండి, కొంప మునిగింది ఇక్కడే. ఇలాంటి సన్నపని కాగితం మీద కుడతారు. కాగితం మీద గీత పైకి కనబడేలా పెట్టుకుని, గుడ్డముక్కని కాగితం అడుగున పట్టుకుని, గీత మీదుగా మిషన్ పోనిస్తారు. అంతా అయ్యాక తిప్పి చూస్తే అడుగువైపు బొమ్మ తయారై ఉంటుంది. అడుగువైపు కాబట్టి కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందుకని ముందే బొమ్మని ఒకసారి తిరగేసి గీసుకోవాలి. అప్పుడు తిరగబడ్డది మళ్లీ తిరగబడి సరిపోతుంది. ఈ తిప్పే పని ఎప్పుడూ కోడలిదే. భర్త గీసిచ్చిన కాగితాన్ని వంటింటి కిటికీ అద్దానికి బోర్లా అంటించి, వెలుతుర్లో వెనకనుంచి కనపడే గీతల మీద పెన్సిలు పోనిస్తుంది. ఇరవై మూడు బొంతలకీ అలాగే చేసింది, ఒక్కదానికీ తేడా రాలేదు.

ఇరవై నాలుగోదానికి ముందు మొగుడూపెళ్లాలకి గొడవొచ్చింది. ఏమంత పెద్దదీ కాదు. "గీతలు గీసి నా మొహాన పారేసి పోతారు. తిప్పుకోవాలంటే నేనే, కత్తిరించుకోవాలంటే నేనే. ఇన్నేళ్లలో మీ అంతట మీరు ఒక్క పని అదనంగా చేసిపెట్టారా?" అని ఆవిడ కాస్త గట్టిగానే అడిగింది. ఆయన మూతి ముడుచుకున్నాడు. వారం రోజులు మాటల్లేవు. ఎనిమిదో రోజు చుట్టచుట్టిన కాగితాన్ని మిషన్ మీద పెట్టేసి, పిల్లిలా ఆఫీసుకి జారుకున్నాడు. ఆవిడ కాగితం విప్పి, అలవాటు ప్రకారం అంచులు కత్తిరించి, కిటికీకి అంటించి, తిప్పి గీసుకుంది.

ఆ తర్వాత దాదాపు మూడు నెలలు ఆ గది గదిలా లేదు. నుదురుకి లేత గోధుమరంగు కావలసి వస్తే భర్త ఆఫీసు ప్యాంటు ఎగిరిపోయింది. కనుబొమ్మలకి చిరిగిన గొడుగు, చెంపలకి పాత కర్టెను, జుట్టుకి నాలుగు దిండుగలీబులూ ఆడపడుచు చిన్నప్పటి బూడిదరంగు స్కూలు గౌనూ పనికొచ్చాయి. పుట్టుమచ్చకి సరైన రంగు దొరక్క, ఆవిడ తన సొంత చలికోటు లోపలి గుడ్డని పొట్ట దగ్గర కత్తిరించింది. మొహంలో ఒక్కో పట్టీ అవగానే చుట్టి మిషన్ కింద పెట్టేసేది. అత్తగారు అప్పుడప్పుడూ ముందుగదిలోంచి, "బొంత ఎంతవరకు వచ్చిందీ?" అని అడిగేది. "గెడ్డం దాటిందత్తయ్యా" అని ఇటునుంచి జవాబు వెళ్లేది.

పదహారో తేదీకి చివరి అతుకు పడింది. ఆ సాయంత్రం ఆడపడుచు తల్లిని కొత్త కళ్లజోడు కోసం షాపుకి తీసుకెళ్లింది. ముందుగది ఖాళీ. ఎన్నేళ్లకి ఖాళీ! కోడలు బొంతని మోసుకొచ్చి, స్టూలెక్కి, బోసి గోడకి మేకులతో తగిలించింది. దిగింది. కళ్లు మూసుకుని కిటికీ దాకా వెనక్కి నడిచి, తిరిగి, కళ్లు తెరిచింది.

అత్తగారు! ఎదురుగా అత్తగారు! ముక్కలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. లేచిన కనుబొమ్మ, జారిన పాయ, ఇప్పుడే నోరు తెరిచి ఏదో ప్రకటించబోతున్న పెదాలు. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై నాలుగింటిలో మొదటిసారి తన చేతిపని తను చూసుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఇది నేను కుట్టానా!" అని పైకే అనేసుకుంది.

అలా ఎంతసేపు మురిసిందో గానీ, మెల్లగా ఏదో పంటికింద రాయిలా తగలడం మొదలైంది. అత్తగారే, సందేహం లేదు. కానీ ఎందుకో అత్తగారిలా లేదు. ఫోన్లో ఆడపడుచు పంపిన ఫోటో తెరిచి పక్కన పెట్టి చూసింది. ఫోటోలో పుట్టుమచ్చ ఎడమ చెంప మీద ఉంది. బొంతలో కుడి చెంప మీద ఉంది. ముక్కు అటు వాలాల్సింది ఇటు వాలింది. పాయ ఈ పక్క జారాల్సింది ఆ పక్క జారింది. ఆవిడ వెళ్లి అత్తగారి వాలుకుర్చీలో కూలబడింది. మామూలు రోజైతే ఆ ధైర్యం చేసేది కాదు.

అప్పుడే భర్త ఆఫీసునుంచి వచ్చాడు. గోడ చూశాడు. "అమ్మే! అచ్చం అమ్మే!" అని, కాస్త తల వంచి, "కానీ ఏమిటో..." అన్నాడు.

"తిరగబడింది" అంది ఆవిడ, నీరసంగా. "ఎలా తిరగబడిందండీ? నేను తిప్పాను. నాకు బాగా గుర్తుంది, కిటికీకి అంటించి మరీ తిప్పాను."

ఆయన మొహంలో రంగులు మారాయి. "నువ్వు తిప్పావా?"

"ఎప్పుడూ తిప్పేది నేనేగా!"

"ఈసారి నేను తిప్పానే" అన్నాడు నీళ్లు నములుతూ. "ఒక్క పని అదనంగా చెయ్యనని అన్నావుగా. పోనీలే, సాయం చేద్దామని ఆఫీసులోనే తిప్పి గీసుకొచ్చాను."

"చెప్పొద్దూ?"

"మనకి మాటల్లేవుగా. అందుకే నోట్ రాశాను. కింద, కుడి మూల."

మనిషి సర్వే ఆఫీసు ఉద్యోగి మరి. ఇల్లు తగలబడుతున్నా ఆ సంగతి కింద, కుడి మూల రాస్తాడు. కోడలు చివాల్న లేచి సామాన్ల గదిలోకి పరిగెత్తి, ఆ రోజు కత్తిరించిన అంచుల్లోంచి తీసి సూదులు చుట్టి పెట్టుకున్న కాగితం ముక్క విప్పింది. ఆయన పొందికైన చేతిరాతలో చీమల బారులా ఉంది: "ఈ బొమ్మ ఇదివరకే తిప్పబడినది." మూడు నెలలుగా ఆ ముక్కలోంచే సూదులు తీసి కుడుతోంది.

"ఇరవై ఆరేళ్ల కాపురంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి సాయం చేశారు" అంది ఆవిడ ముందుగదిలోకి వచ్చి. "మిషన్ అటకెక్కించడానికి నిచ్చెన కూడా మీరే తెండి, ఆ సాయమూ చేసెయ్యండి."

అని, ఇక ఆపుకోలేక భోరుమంది. ఆయన బొంతని వెనక్కి తిప్పి తగిలిద్దామన్నాడు. వెనకంతా కుట్లే, మొహం గాయాలపాలైనట్టుంటుంది. పుట్టుమచ్చ ఒక్కటి విప్పి ఈ చెంపకి మారుద్దామన్నాడు. మరి ముక్కుని ఏం చేస్తారు, నిమురుతారా? ఉన్నట్టుండి ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పడగ్గదిలోకి వెళ్లి నిలువుటద్దాన్ని ఈడ్చుకొచ్చి, బొంతకి ఎదురుగా కిటికీ పక్కన నిలబెట్టాడు. "ఇప్పుడు చూడు!"

అద్దంలో బొంత చక్కగా ఉంది. మచ్చ ఎడమ చెంప మీదికి వచ్చింది, ముక్కు దాని వైపుకి అది వాలింది. రోజూ ఇంట్లో తిరిగే అత్తగారే.

"అమ్మకి అద్దంలో చూపిద్దాం" అన్నాడాయన.

"ఆవిడకి ఎనభై వచ్చాయి గానీ మతి పోలేదండీ" అంది కోడలు ముక్కు చీదుకుంటూ.

"ఎవరికి మతి పోలేదూ?"

గుమ్మంలో అత్తగారు. నిర్ణీత సమయానికి నలభై నిమిషాలు ముందుగా వచ్చేసింది. వెనక ఆడపడుచు, చేతిలో పాత కళ్లజోడు. కొడుకు బొంతకి అడ్డంగా నిలబడబోయాడు గానీ, ఆరడుగుల బొంతకి అయిదున్నర అడుగుల మనిషి ఏం అడ్డం? పైగా గుమ్మంలోంచి చూసేవాళ్లకి ముందు కనబడేది అద్దమే. అత్తగారి కొత్త కళ్లజోడు నేరుగా దాని మీద పడింది.

"ఎవరే ఆవిడ?" అంది.

కళ్లజోడు ముక్కు మీద పైకి తోసుకుంది.

"మళ్లీ ఆవిడే! ఆ స్టూడియోవాడి ఫోటోల్లో ఉండేది, ఆ మూతివంకరావిడే! బొంతలోకి కూడా వచ్చిందీ?" అని పెదవి విరిచింది. కోడలి కళ్లముందు మిషన్ నిచ్చెనెక్కి అటక మీదికి వెళ్లిపోయింది. ఇంక దాచి లాభం లేదనుకుని, భర్త భుజం పట్టి పక్కకి జరిపేసింది.

అత్తగారు గోడవైపు తిరిగింది.

కళ్లజోడు తీసి, కొంగ్రొత్తదే అయినా తుడిచి మళ్లీ పెట్టుకుంది. నాలుగడుగులు ముందుకు వేసింది, మొహం ముక్కలైపోయింది. కంగారుపడి నాలుగడుగులు వెనక్కి వేసింది, మళ్లీ వచ్చింది. ఆవిడ కనుబొమ్మ దానంతటది దిగింది.

"నేను" అంది.

ఆ ఒక్క మాటలో మైకు లేదు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం అందరికీ అదే మొదలు.

గెలిచిందిగా, నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు కోడలు. అబద్ధం మీద వచ్చిన గదిలో మిషన్ తిరగదని ఆవిడ నమ్మకం. "అత్తయ్యా, తప్పు జరిగింది. ఇద్దరం చెరోసారి తిప్పేశాం. అంతా కుడిఎడమై పోయింది. మీ పుట్టుమచ్చ ఆ చెంప కాదు" అంది. భర్త మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు, ఆవిడ చెబుతూనే ఉంది.

అత్తగారు చెయ్యెత్తి తన ఎడమ చెంప తడుముకుంది. ఎదురుగా బొంతలో మచ్చ సరిగ్గా ఆ చేతి వైపే ఉంది. "ఇక్కడేగా ఉంది? తప్పేమిటి?"

అప్పటికి ఆడపడుచుకి వెలిగింది. పొద్దస్తమానం కళ్లజోళ్లు పెట్టి జనానికి అద్దం చూపించడమే కదా ఆ అమ్మాయి పని. "అమ్మా, నిన్ను నువ్వు ఎప్పుడైనా ఎక్కడ చూసుకున్నావే? అద్దంలోనేగా! అద్దంలో కుడిఎడమలు మారిపోతాయి. నీకు తెలిసిన మొహం అదొక్కటే. వదిన పొరపాటున అదే కుట్టింది. ఫోటోలో వచ్చేది మేం చూసే మొహం."

"మీరు చూసేదెవర్ని?"

ఆడపడుచు నిలువుటద్దంలోని బొంతని చూపించింది. "ఆవిణ్ణే."

అత్తగారు అటు చూసింది, ఇటు చూసింది. "అయితే ఎనభై ఏళ్లూ మీరంతా ఆవిడతో కాపురం చేశారన్నమాట" అంది. "నన్నసలు ఎవ్వరూ చూడలేదు."

ఆడపడుచు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. కొడుక్కి పేపరు ఎక్కడుందో దొరకలేదు.

"ఈ పిల్లొక్కత్తే చూసింది" అంది అత్తగారు కోడలివైపు తిరిగి.

"పొరపాటున, అత్తయ్యా."

"పొరపాటునైనా చూసింది నువ్వేగా." అని, బొంత మీద వేలు పెట్టి, "నుదురు బాగా కుదిరింది. ఎక్కడిదే ఈ గుడ్డ?" అంది.

"ఆయన ఆఫీసు ప్యాంటు."

"ఒరేయ్!" అంది అత్తగారు. కొడుకు ఉలిక్కిపడ్డాడు. "వెతికావుట కదరా పోయిన నెలంతా ఆ ప్యాంటు కోసం? ఇదిగో, నా నెత్తిన ఉంది." అని నవ్వింది. కోడలు కూడా నవ్వింది, నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది. అత్తగారు ఆవిడ తల మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు తీసేసింది. ఆ తర్వాత గొంతు సవరించుకుంది.

"గమనించండి. సామాన్ల గదిలో ఉన్న కుట్టుమిషన్ మరికొద్దిసేపట్లో ముందుగదికి చేరుకుంటుంది. మోసేవాళ్లు సిద్ధంగా ఉండాలి."

మోసేవాడు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు.

అలా కోడలికి ముందుగది దక్కింది. ఇప్పుడు మిషన్ గోడవారగా ఉంది, పక్కన పెద్ద బల్ల ఉంది, కుట్టిన ప్రతి బొంతనీ ఆవిడ కిటికీ దాకా వెనక్కి వెళ్లి కడుపునిండా చూసుకుని గానీ ఇవ్వదు. భర్త ఏ సాయం చేసినా ముందు నోటితో చెప్పాలని గోడమీద కాగితం అంటించింది. కావాలనే కింద, కుడి మూల అంటించింది.

ఒక్కటే ఇబ్బంది. ఆ ఇరవై నాలుగో బొంత గోడమీంచి దిగలేదు. ఎవరైనా పక్క మీద పరుస్తామంటే అత్తగారు ఊరుకోదు. పొద్దున్న తొమ్మిదికి కోడలు మిషన్ ముందు కూర్చునే వేళకి ఆవిడ దువ్వెన పట్టుకుని వచ్చేస్తుంది. పడగ్గదిలో నిలువెత్తు అద్దం ఉండగా ఇక్కడెందుకని అడిగితే, అద్దంలో మనిషి ముసలిదైపోతోందే, ఈవిడ ఆగింది అంటుంది. బొంతకి ఎదురుగా నిలబడి నింపాదిగా జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంటుంది. ఆవిడ తెమిలేదాకా మిషన్ చప్పుడు చెయ్యకూడదు. కోడలు సూదికి దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తూ కూర్చుంటుంది. అంతా అయ్యాక, వెళ్లబోయేముందు అత్తగారు బొంత వైపు ఒకసారి పరీక్షగా చూస్తుంది. అక్కడ చెంప మీదికి జారిన తెల్లటి పాయ కనబడుతుంది. వెంటనే ఎడమ చెయ్యెత్తి తన పాయని చెవి వెనక్కి సర్దుకుని, ఇక మొదలుపెట్టుకోవే అని వెళ్లి కుర్చీలో కూర్చుంటుంది.